వర్కర్స్ కప్ సినిమాలో మనోళ్లు ఎక్కడ?

పోయిన ఎపిసోడ్‌లో ‘ది వర్కర్స్ కప్’ డాక్యుమెంటరీ గురించి రెండు మాటలు చెప్పి వదిలేశాను. టైం సరిపోలేదు. అప్పటి నుంచి వాయిస్ మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే: “అన్నా, అందులో మన తెలుగోళ్లు ఉన్నరా?”

నాకైతే కనబడలేదు తమ్మీ. తెలుగు మాట కూడా చెవిన పడలేదు. ఎందుకు పడలేదో కొంచెం విడమరిచి చెప్పాలి.

2010 డిసెంబర్‌లో ఫిఫా 2022 వరల్డ్ కప్‌ను ఖతర్‌కు ఇచ్చింది. స్టేడియాలు, మెట్రో, రోడ్లు, హోటళ్లు కట్టడానికి ఎవరెవరు వచ్చారో మీకు నేను చెప్పేదేముంది, ఇక్కడ పనిచేసేవాళ్లలో నూటికి 90 మందికి పైగా బయటి దేశాలవాళ్లమే. ఆ పనుల మధ్యలో క్యాంపుల్లో ఉండే పనివాళ్ల కోసం ఒక ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెట్టారు. 24 కన్‌స్ట్రక్షన్ కంపెనీలు, కంపెనీకి ఒక టీం. ఆడమ్ సోబెల్ అనే డైరెక్టర్ అందులో ఒక్క కంపెనీ టీంను ఎంచుకుని, వాళ్ల వెంటే తిరిగి సినిమా తీశాడు. 2017 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో చూపించారు.

టీంలో ఘనా, కెన్యా, నేపాల్, ఇండియా వాళ్లున్నారు. ఘనా కుర్రాడొకడు మొత్తం సినిమాకే ఊపిరి. ఖతర్‌లో ఫుట్‌బాల్ క్లబ్బులో ఆడిస్తానన్న ఏజెంట్ మాట నమ్మి వచ్చాడు. దిగాక చేతికి హెల్మెట్ ఇచ్చారు. మన ఊళ్లల్లో ఆఫీస్ బాయ్ వీసా అని చెప్పి ఎండలో పారపని చేయించిన కథలు ఎన్ని విన్నాం! నేపాల్ అతనిది ఇంకో బాధ: ఏళ్ల తరబడి భార్య ఒకచోట, తాను ఒకచోట. కెన్యా అబ్బాయికి ఒంటరితనం. ఆడపిల్లతో ఒక్క మాట మాట్లాడే దారి లేని బతుకు.

నాకు ఈ సినిమా నచ్చింది ఇందుకే. మన గురించి బయట వచ్చే వార్తల్లో మనం లెక్కలమే. 2021లో గార్డియన్ పేపర్, 2010లో కప్ ఖతర్‌కు ఇచ్చినప్పటి నుంచి అక్కడ 6,500 మందికి పైగా వలస కార్మికులు చనిపోయారని రాసింది. అది ఇండియా, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, ఈ ఐదు దేశాల లెక్క. కెన్యా, ఫిలిప్పీన్స్ వంటి దేశాలవాళ్లు ఆ లెక్కలో లేరని ఆ పేపరే చెప్పింది. విచిత్రం చూడండి. ఆ లెక్కలో మనమున్నాం, కెన్యావాళ్లు లేరు. సినిమాలో వాళ్లున్నారు, మనం లేం.

తప్పు పూర్తిగా డైరెక్టర్‌ది అనను. ఫుట్‌బాల్ టీంను తీస్తే ఫుట్‌బాల్ ఆడేవాడే కనబడతాడు. మన జగిత్యాల, సిరిసిల్ల పిల్లలకు క్రికెట్, వాలీబాల్, కబడ్డీ తెలుసు. బంగ్లాదేశ్ వాళ్లెంతమంది ఉన్నారు ఇక్కడ, వాళ్లూ లేరు. ఇంగ్లీష్‌లో గలగలా చెప్పగలిగినవాడి మాటే ఎక్కువ వినిపించిందని కూడా నాకు అనిపించింది. మోకాళ్లు అరిగిన యాభై ఏళ్ల షటరింగ్ కార్పెంటర్ ఏ టీంలో ఉంటాడు? క్యాంప్ మెస్‌లో పొద్దున మూడింటికి లేచి రొట్టెలు చేసేవాడు ఏ టీంలో ఉంటాడు?

ఇంకో సంగతి. జెర్సీ మీద ఉండేది కంపెనీ పేరు. గెలిస్తే పేరొచ్చేది కంపెనీకే. ఆ రోజుల్లో ఆ కంపెనీ కాగితం ఇవ్వనిదే ఇంకో కంపెనీకి మారే వీల్లేదు. ఆ ఎన్ఓసీ గొడవను 2020లో గానీ చట్టంలో తీసేయలేదు. మైదానంలో చప్పట్లు కొట్టించుకున్నవాడే మర్నాడు పొద్దున బస్సులో కూర్చుని సైట్‌కి పోవాలి. సినిమా ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టి చూపించింది.

చూస్తున్నంతసేపూ నాకు మా పాత సైట్ గుర్తొచ్చింది. స్టీల్ ఫిక్సింగ్ గ్యాంగ్‌లో ఒక ఘనా కుర్రాడు ఉండేవాడు. మేం ఎవరినీ పేరుతో పిలిచేవాళ్లం కాదు. “ఆ నేపాలీని పిలువు”, “ఆఫ్రికావోనికి చెప్పు”, ఇదే మా భాష. అతను ఒక గురువారం నా దగ్గరికొచ్చి రేపు మ్యాచ్ ఉంది, సెలవియ్యమన్నాడు. శుక్రవారం శ్లాబ్ కాస్టింగ్ పెట్టారు, మనుషులు తక్కువున్నారు. కుదరదన్నాను. “ఓకే బాస్” అని పోయాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. సూపర్‌వైజర్‌గా అది తప్పు కాదనే అనుకున్నా, సినిమా చూసేదాకా. ఏ మ్యాచ్ అని గానీ, ఏ పొజిషన్‌లో ఆడతావని గానీ నేను అడగలేదు. మొన్న నంబర్ వెతికి చేశాను. స్విచ్ఛాఫ్.

టీం ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పను, మీరే చూడండి. క్యాంపులో వేరే దేశాలవాళ్లుంటే వాళ్లతో కలిసి చూడండి. నేను మా రూంలో ఇద్దరు నేపాలీ తమ్ముళ్లతో చూశాను. ఇంటి సంగతులు వచ్చినచోట ఒకతను చెప్పులేసుకుని బయటికి పోయాడు. వచ్చాక అడిగితే ఛాయ్ తాగొచ్చానన్నాడు. ఈసారి మాత్రం అతని ఊరేదో, ఇంట్లో ఎవరున్నారో అడిగాను. రాత్రి పదకొండయ్యింది మాటలు అయ్యేసరికి.