కారు ఒడ్డున... మేము ఓడలో!

మా అబ్దుల్లాపూర్‌మెట్ వాళ్ళకి ఫారిన్ వెళ్ళడం చాలా తేలిక. విజయవాడ రోడ్డెక్కి కాస్త దూరం పోతే రామోజీ ఫిల్మ్ సిటీ గేటు వచ్చేస్తుంది. 1996లో వెలిసిన ఆ మాయాలోకంలో జపాన్ తోట ఉంది. విమానం ఎగరని విమానాశ్రయం ఉంది. ఎవరూ ఊరు చేరని రైల్వే స్టేషనూ ఉంది! పొద్దున్న ఆ విమానాశ్రయంలో హీరోయిన్‌కి కన్నీళ్ళతో వీడ్కోలు చెప్పిన కుర్రాడే మధ్యాహ్నం మా హైవే హోటల్లో పప్పుచారు కలుపుకుంటూ కనిపిస్తే, ఇక్కడ ఎవ్వరూ ఆశ్చర్యపోరు.

మా నాన్న మాత్రం ఆ గేటు దగ్గర ఎప్పుడూ ఓ మాట అనేవాడు. "ఒరేయ్, నేను ఫారిన్‌కి చాలామందిని పంపాను. నేను మాత్రం పోలేదు."

అక్షరాలా నిజం. మా నాన్న సినిమా కంపెనీ కారు డ్రైవరు. మద్రాసు వడపళనిలో మొదలెట్టాడు. పరిశ్రమ హైదరాబాదుకి తరలివస్తే తనూ తరలివచ్చాడు. ఫిల్మ్ సిటీ వచ్చాక, బండికి దగ్గరగా ఉంటుందని ఇక్కడే రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. 1979లో "అందమైన అనుభవం" సింగపూరులో తీశారని మీరు వినే ఉంటారు. ఆ రోజుల్లో ఏ యూనిట్ పైదేశం వెళ్ళినా పండగే. కార్లన్నీ మీనంబాకం విమానాశ్రయానికి బారులు తీరేవి. నాన్న డిక్కీ తీసి పెట్టెలు దించేవాడు. తలుపు తీసి పట్టుకునేవాడు. వాళ్ళు లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. నాన్న ఖాళీ కారుతో వెనక్కి వచ్చేవాడు. నలభై ఏళ్ళు... అదే పని!

ఇప్పుడాయనకి డెబ్భై రెండు. పోయిన ఏడాది కంటి శుక్లాలకి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజున ఏం కావాలని అడిగితే అన్నాడు: "మన కారుని ఒక్కసారి ఓడెక్కించి, సముద్రం దాటించి, అవతలి ఒడ్డున దించి తోలాలిరా!"

అదండీ సంగతి. ఈ వ్యాసం పుట్టింది అక్కడే.

పంటు నేర్పిన పాఠం

ఈ పిచ్చి ఎక్కడిదని మీరడగొచ్చు. కోనసీమలో షూటింగ్ జరుగుతున్నప్పుడు నాన్న అంబాసిడర్ కారుని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించాడట. పంటు తెలుసుగా? గోదావరి మీద కార్లనీ, మోటారు సైకిళ్ళనీ, సైకిళ్ళనీ, మేకల్నీ, మనుషుల్నీ ఒకే లెక్కన మోసుకుపోయే బల్లకట్టు పడవ. అవతల నరసాపురం. "అందాల రాముడు" (1973) చూసినా, "గోదావరి" (2006) చూసినా మనకి లాంచీలోని ప్రేమే గుర్తుంటుంది. మా నాన్నకి మాత్రం పంటు మీద హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో ఉంచి, చక్రాల కింద రాళ్ళు పెట్టిన సంగతి గుర్తు!

"ఇంజను ఆపేశాను. అయినా కారు పోతూనే ఉంది. నేను తోలకుండా నా కారు పోవడం అదే మొదటిసారి," అంటాడు, ఇప్పటికీ కళ్ళు పెద్దవి చేసి.

ప్రపంచంలో పెద్ద పెద్ద ఫెర్రీలు చేసేదీ ఇదే పని. ఇంగ్లండులోని డోవర్ నుంచి ఫ్రాన్సులోని కలే దాకా గంటన్నర ప్రయాణం. ఓడ ముక్కు తెరుచుకుంటే కార్లు నడుచుకుంటూ లోపలికి పోతాయి. బండి కింది అంతస్తులో ఆపి, జనం పైకి వెళ్ళి కాఫీ తాగుతారు. ఒడ్డు రాగానే దిగొచ్చి, ఎవరి కారు వాళ్ళు తోలుకుపోతారు. మన పంటుకి సూటూ బూటూ తొడిగితే అదే!

మ్యాపు మీద మూసిన గేట్లు

సరే, మన ఊరి నుంచి కారులో ఏ దేశం పోవచ్చు? ఓ రాత్రి మ్యాపు పరుచుకుని కూర్చున్నాను.

ఒకప్పుడు పడమటి దారి తెరిచే ఉండేది. 1957లో లండన్‌లో బయల్దేరిన బస్సు ఒకటి నేల మీదుగా కలకత్తా దాకా వచ్చింది. 1979లో ఇరాన్‌లో విప్లవం, అదే ఏడాది చివర్లో అఫ్ఘనిస్తాన్‌లోకి సోవియట్ సేనలు... ఆ దారికి తాళం పడింది. ఇక తూర్పు వైపు మణిపూర్‌లోని మోరే దాటి, మయన్మార్ మీదుగా థాయ్‌లాండ్ వెళ్ళిన మన బళ్ళు ఉన్నాయి. కాని 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం గద్దెనెక్కింది. 2023 మే నుంచి మణిపూర్‌లో అల్లర్లు. డెబ్భై రెండేళ్ళ నాన్ననీ, మోకాళ్ళ నొప్పుల అమ్మనీ అటు తీసుకుపోయే ధైర్యం నాకు లేదు.

అలాగని మన కారు ప్రపంచం చూడలేదనుకోకండి. 1989లో కలకత్తాకి చెందిన సాలూ చౌదరి, నీనా చౌదరి దంపతులు మన దేశంలో తయారైన కాంటెస్సా కారులో ఢిల్లీ నుంచి బయల్దేరి, భూగోళం చుట్టి, మళ్ళీ ఢిల్లీ చేరారు. పట్టింది 69 రోజుల 19 గంటల 5 నిమిషాలు. గిన్నిస్ పుస్తకానికెక్కారు. ఈ సంగతి చెప్పగానే నాన్న మీసం దువ్వాడు. "కాంటెస్సా పోగా లేంది, మన వ్యాగన్-ఆర్ పోదా?"

మిగిలింది దక్షిణం. శ్రీలంక!

బండికీ పాస్‌పోర్టు

కుర్రకారుకి పనికొచ్చే ముక్కలు ఇక్కడ కొన్ని చెప్పాలి. నోటు చేసుకోండి.

పైదేశంలో కారు తోలాలంటే మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. మన ఆర్టీఏ ఆఫీసే ఇస్తుంది. ఏడాది పాటు చెల్లుతుంది. అసలు లైసెన్సు చెల్లుబాటులో ఉంటేనే ఇది ఇస్తారు.

కారుకి కూడా పాస్‌పోర్టు ఉంటుందని మీకు తెలుసా? దాని పేరు కార్నే. మన దేశంలో బొంబాయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. అదొక పుస్తకం. దేశంలోకి వెళ్ళేటప్పుడు ఒక ముద్ర, బయటికొచ్చేటప్పుడు ఒక ముద్ర. "ఈ బండిని అక్కడ అమ్ముకోను, వెనక్కి తెస్తాను" అని మనం ఇచ్చే మాట అది. మాట ఊరికే నమ్మరు కదా! కారు విలువని బట్టి డబ్బు పూచీ కట్టాలి. బండి వెనక్కి రాకపోతే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

పూచీ సంగతి విని అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "కారు కొన్నప్పుడు ఒకసారి అప్పు చేశాం. అది ఊరెళ్ళడానికి ఇంకోసారా?"

నాన్న మాట్లాడలేదు. లేచి వెళ్ళి, కారు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అప్పటికే అది శుభ్రంగానే ఉంది.

ఓడ ఉంది... కాని!

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ ట్రావెల్స్ వాళ్ళ దగ్గరికి పోయాను. పేరెందుకు లెండి. "కారుతో సహా శ్రీలంక ఓడకి టిక్కెట్టు కావాలి" అన్నాను. కౌంటర్లో కుర్రాడు నవ్వాపుకోలేక నీళ్ళు తాగాడు.

కాగితాలు తిరగేస్తే అసలు సంగతి తెలిసింది. తమిళనాడులోని నాగపట్టణం నుంచి శ్రీలంకలోని కాంకేసన్‌తురైకి 2023 అక్టోబర్ 14న ఓడ మొదలైంది. వెంటనే వానాకాలం వచ్చి ఆగింది. 2024 ఆగస్టు 16 నుంచి "శివగంగై" అనే ఓడ తిరగడం మొదలుపెట్టింది. సుమారు 110 కిలోమీటర్లు, నాలుగు గంటల ప్రయాణం. అన్నీ బాగున్నాయి. కాని అది మనుషుల్ని ఎక్కించుకునే ఓడ. కారు ఎక్కదు!

కారుని పెట్టెలో పెట్టి సరుకుల ఓడలో కొలంబోకి పంపే వీలు ఉంటుంది. ఆ ఖర్చుకీ, ఆ కాగితాలకీ, ఆ ఎదురుచూపులకీ మా బోటివాళ్ళ వారం రోజుల సెలవు ఎక్కడ సరిపోతుంది?

ఈ దారికి పాత చరిత్ర పెద్దదే. 1914లో మద్రాసు నుంచి ధనుష్కోడి దాకా రైలు, అక్కణ్ణుంచి తలైమన్నార్‌కి స్టీమరు, మళ్ళీ కొలంబోకి రైలు ఉండేవి. బోట్ మెయిల్ అని పేరు. 1964 డిసెంబరు తుపాను ధనుష్కోడిని ఊరూ రైలుతో సహా ముంచేసింది. తర్వాత రామేశ్వరం నుంచి ఓడ నడిచినా, 1980ల్లో శ్రీలంకలో యుద్ధం చెలరేగాక అదీ ఆగిపోయింది. 2011లో తూత్తుకుడి–కొలంబో ఓడ కొన్ని నెలలు నడిచి ఆగింది. సముద్రం మీద ఓ దారి వేసి నిలబెట్టడం ఎంత కష్టమో చూశారా?

ఇదంతా నాన్నకి చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సులో వస్తూ, ఎల్బీనగర్, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటేదాకా మాటలు వెతుక్కున్నాను. దొరకలేదు. చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"కారు ఎక్కదు నాన్నా. మనుషులకే."

కాసేపు సీలింగ్ ఫ్యాను చూశాడు. తర్వాత అన్నాడు: "మనుషులకే కదా? మనం మనుషులమే కదరా! ఎన్నాళ్ళూ కారు తోనే లెక్కేసుకున్నాను, నా సంగతి మర్చిపోయాను."

తిరగరాసిన స్క్రీన్‌ప్లే

అంతే, కథ మారిపోయింది. కొత్త ప్లాను ఇదీ.

మొదటి రోజు తెల్లవారుజామున బయల్దేరి నార్కట్‌పల్లి దాకా విజయవాడ రోడ్డు. అక్కడ కుడికి తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, అద్దంకి మీదుగా మేదరమెట్ల దగ్గర పెద్ద హైవే ఎక్కడం. రాత్రికి నెల్లూరు. రాత్రిపూట నాన్న స్టీరింగ్ పట్టకూడదని కళ్ళ డాక్టరు ఆజ్ఞ. రెండో రోజు మద్రాసు. వడపళనిలో నాన్న అద్దెకున్న సందు చూసి, సముద్రం పక్క రోడ్డులో పాండిచ్చేరి. మూడో రోజు కడలూరు, చిదంబరం మీదుగా నాగపట్టణం. మొత్తం తొమ్మిది వందల కిలోమీటర్ల పైమాటే. కారుని అక్కడ లాడ్జీలో పెట్టి, నాలుగో రోజు ఓడ!

నెల కూడా ఆలోచించే పెట్టాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అటు ఈశాన్య రుతుపవనాల కాలం. 2025 నవంబరు చివర్లో దిత్వా తుపాను శ్రీలంకని ఎలా కుదిపేసిందో పేపర్లో చూశాం. అందుకే ఫిబ్రవరి దాటాకే ప్రయాణం. బయల్దేరే ముందు ఓడ నడుస్తోందో లేదో, పర్మిట్ల పద్ధతేమిటో మళ్ళీ కనుక్కోవాలి.

దిగేది జాఫ్నా పక్కనే. అక్కడ మాట్లాడేది తమిళం. నాన్నకి మద్రాసు తమిళం వచ్చు కనుక దుబాసీ ఖర్చు లేదు! జాఫ్నా నుంచి ఏ–9 రోడ్డు పట్టుకుంటే కిలినొచ్చి, వవునియా, దంబుల్లా మీదుగా కాండీ. 2009లో యుద్ధం ముగిసేదాకా ఈ రోడ్డు మీద మామూలు మనుషులు నిశ్చింతగా తిరగలేకపోయారు. కాండీని ఏలిన చివరి రాజవంశం మధుర నుంచి వెళ్ళిన నాయకులదే. వాళ్ళ మూలాలు తెలుగువే! ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహని 1815లో ఇంగ్లీషువాళ్ళు దించేసి, వేలూరు కోటలో ఉంచారు. అన్నట్టు, ఆ దేశంలో ఈనాటికీ తెలుగు మాట్లాడే అహికుంటకులనే సంచారజాతి వాళ్ళూ ఉన్నారు.

అక్కడ కూడా మనలాగే ఎడమవైపే తోలాలి. కాని మన అంతర్జాతీయ పర్మిట్ ఒక్కటే సరిపోదు, అక్కడి అనుమతి కూడా కావాలి. 2025లో కొలంబో విమానాశ్రయంలోనే అందుకో కౌంటరు పెట్టారు. మనం దిగేది రేవులో కనుక, కారు అద్దెకిచ్చేవాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి.

"పర్మిట్ నా పేరున తీస్తాను నాన్నా. నేను తోలతాను," అన్నాను.

నాన్న తల అడ్డంగా ఊపాడు. "వద్దు. డ్రైవరుతో సహా మాట్లాడు."

"అదేమిటి? నీకు తోలాలనే కదా ఇదంతా?"

"తోలి తోలి విసుగెత్తిందిరా. వెనక సీట్లో కూర్చుంటాను, మీ అమ్మ పక్కన. నలభై ఏళ్ళు ఆ తలుపు తీసి పట్టుకున్నాను గాని, లోపల కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలీదు." ఒక్క క్షణం ఆగాడు. "ఇంకో మాట. భోజనానికి ఆపినప్పుడు ఆ డ్రైవర్ని కారు దగ్గర వదిలెయ్యకూడదు. మనతో పాటే కూర్చోబెట్టాలి. ముందే చెప్తున్నాను."

నేను సరేనన్నాను. గొంతులో ఏదో అడ్డుపడి, అంతకంటే మాట రాలేదు.

అమ్మ మాత్రం అప్పుడే ఆవకాయ జాడీకి గుడ్డ కడుతోంది. ఓడలో ఎన్ని కిలోల సామాను పట్టనిస్తారని అడుగుతోంది. పాస్‌పోర్టు ఫోటోలో నాన్న ఎంతకీ నవ్వలేదు. కెమెరా ముందు నిలబడే అలవాటు ఆయనకెక్కడిది? ఇన్నాళ్ళూ కెమెరా వెనకాల, కారులోనే కదా ఉన్నది!