కంప్యూటర్‌కు వేగం కొనగలమా?

బొగ్గుబాయి ప్రాంతాలలో ఒకప్పుడు కంప్యూటర్ అంటే కంపెనీ ఆఫీసులో అద్దాల వెనుక కనిపించే వస్తువు. నేడు అది గోదావరిఖని, రామగుండం క్వార్టర్లలో బీరువా పక్కనే చోటు సంపాదించుకున్నది. పిల్లల పాఠాలు, పరీక్షల దరఖాస్తులు, ఉద్యోగ ప్రకటనలు అన్నీ దానిమీదే. అటువంటిది కొన్న కొద్ది సంవత్సరాలకే నత్తనడక నడిస్తే ఇంటిల్లిపాదికీ విసుగు పుడుతుంది.

సరిగ్గా ఆ విసుగు సమయంలోనే తెరమీద ఒక ప్రకటన ప్రత్యక్షమవుతుంది. “మీ కంప్యూటర్‌లో వందలాది లోపాలున్నాయి. ఈ సాఫ్ట్‌వేర్ కొంటే వేగం రెట్టింపవుతుంది” అని దాని సారాంశం. తండ్రి నైట్ షిఫ్టు చేసి తెచ్చిన జీతంలోనుండి డబ్బు కడతాడు. పచ్చని గీత నూరు శాతం వరకు పాకుతుంది, “అంతా బాగైంది” అని అక్షరాలు వస్తాయి. కంప్యూటర్ మాత్రం నిన్న ఎలా ఉందో నేడూ అలాగే ఉంటుంది. పరిచర్య నిమిత్తం ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఈ మాట మేము తరచుగా వింటున్నాము. డబ్బు పోవడంతో కథ ముగియడం లేదు. “అంత డబ్బు పోసి బాగుచేయిస్తే, నువ్వే ఆటలాడి పాడుచేశావు” అని నింద పిల్లవాడి మీద పడుతున్నది. ఆ నింద కంప్యూటర్ కన్నా ఎక్కువ కాలం ఇంట్లో నిలిచిపోతుంది.

ఇది పాత వ్యాపారమే

వేగాన్ని డబ్బాలో పెట్టి అమ్మడం కొత్త సంగతి కాదు. 1995లో అమెరికాలో సింక్రోనిస్ అనే కంపెనీ ‘సాఫ్ట్‌ర్యామ్95’ను విడుదల చేసింది. ర్యామ్ అంటే కంప్యూటర్ పనిచేసుకునే బల్ల వంటిది; హార్డ్ డిస్కు సామాను దాచే బీరువా వంటిది. బల్ల చిన్నదైతే మాటిమాటికీ బీరువా దగ్గరకు వెళ్ళిరావాలి, పని ఆలస్యమవుతుంది. ర్యామ్ ఖరీదుగా ఉన్న ఆ రోజుల్లో, ఈ సాఫ్ట్‌వేర్ బల్లను రెట్టింపు చేస్తుందని చెబితే జనం లక్షల ప్రతులు కొన్నారు. నిపుణులు విప్పి చూస్తే అది ర్యామ్‌ను పెంచడమే లేదని తేలింది. 1996లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీపై చర్య తీసుకున్నది.

బాయి దిగని సర్దార్

అంతకన్నా ఆలోచింపజేసేది 2019 నాటి కేసు. ఆఫీస్ డిపో అనే పెద్ద దుకాణాల సంస్థ తన దుకాణాలలో కంప్యూటర్లను ఉచితంగా తనిఖీ చేసేది. ముందుగా నాలుగు ప్రశ్నలు అడిగేవారు: కంప్యూటర్ నెమ్మదించిందా? వైరస్ హెచ్చరికలు వస్తున్నాయా? తరచు ఆగిపోతున్నదా? అడగని ప్రకటనలు తెరమీదకు వస్తున్నాయా? వీటిలో ఏ ఒక్కదానికి “అవును” అన్నా, హానికర ప్రోగ్రాముల లక్షణాలు దొరికాయని ఫలితం వచ్చేదని కమిషన్ ఆరోపించింది. లోపల ఏముందన్న దానితో ఆ ఫలితానికి సంబంధం లేదు. ఆ సంస్థ, సాఫ్ట్‌వేర్ అందించిన సపోర్ట్.కామ్ కలిసి 3 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి.

మన ప్రాంతం వారికి దీనిని వివరించనక్కరలేదు. మైనింగ్ సర్దార్ బాయి దిగి, పైకప్పును కొట్టి శబ్దం విని, గ్యాస్ చూసి రిపోర్టు రాస్తాడు. ఆ రిపోర్టును నమ్మి కార్మికులు లోపలికి నడుస్తారు. బాయి దిగకుండానే పైన కూర్చుని రిపోర్టు రాసే సర్దార్‌ను మనము ఏమంటాము? ఈ తనిఖీ అటువంటిదే.

2024లో రెస్టోరో, రీఇమేజ్ అనే కంపెనీలు ఇటువంటి ఆరోపణలపైనే 2 కోట్ల 60 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించాయి. లోపాలున్నాయని భయపెట్టి సొమ్ము గుంజే ఇటువంటి ప్రోగ్రాములను తన విండోస్ డిఫెండర్ తొలగిస్తుందని మైక్రోసాఫ్ట్ 2018లోనే ప్రకటించింది.

అసలు కారణాలు

మన ప్రాంతంలో మొదట చూడవలసినది దుమ్ము. ఓపెన్‌కాస్ట్ గనుల ధూళి కిటికీలోనుండి వచ్చి కంప్యూటర్ ఫ్యాను రెక్కల మీద పేరుకుంటుంది. దానికి రామగుండం ఎండలు తోడు. లోపలి వేడి బయటకు పోకపోతే, ప్రాసెసర్ కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆ దుమ్మును ఏ సాఫ్ట్‌వేరూ ఊడ్చలేదు.

రెండవది, ఆన్ చేయగానే అడగకుండా లేచి కూర్చునే ప్రోగ్రాములు. వేగం పెంచుతానని వచ్చిన సాఫ్ట్‌వేర్ కూడా తరచు ఈ వరుసలోనే కూర్చుని, ఉన్న కాస్త ర్యామ్‌లో వాటా తీసుకుంటుంది. మూడవది, నిండిపోయిన డిస్కు. నాలుగవది, నేటి పనులకు చాలని ర్యామ్, లోపల చక్రం తిరిగే పాతరకం హార్డ్ డిస్కు.

ఇంట్లో చేయదగినవి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ర్యామ్‌ను, ప్రాసెసర్‌ను ఏది తింటున్నదో అక్కడ కనిపిస్తుంది. స్టార్టప్ జాబితాలో అవసరం లేనివాటిని ఆపివేయవచ్చు. అక్కరలేని వీడియోలు తీసివేయండి. సంవత్సరానికి ఒకటి రెండుసార్లు మెకానిక్ చేత దుమ్ము దులిపించండి. అప్పటికీ చాలకపోతే, ఆ సాఫ్ట్‌వేర్ చందా డబ్బును దాచి ర్యామ్‌కో, పాత డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డికో వాడండి. పాత కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌డి వేస్తే తేడా కంటికి కనబడుతుంది.

అన్ని సాఫ్ట్‌వేర్లూ మోసమని మేము చెప్పడం లేదు. వైరస్‌ల నుండి రక్షణ అవసరమే. విండోస్‌లో అది ఉచితంగానే ఉన్నది. అయితే అడగకుండా వచ్చి రోగం చెప్పి, వెంటనే మందు అమ్మేవానిని నమ్మవద్దు. తెరమీది నంబరుకు ఫోన్ చేయవద్దు. సొమ్ము పోతే వెంటనే 1930కి ఫోన్ చేసి సైబర్ నేరంగా ఫిర్యాదు చేయండి. కొన్న సరుకు గురించి చెప్పుకోవడానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నది.

అన్నిటికన్నా ముందు, నెమ్మదించిన యంత్రం ముందు పిల్లవాడిని దోషిగా నిలబెట్టవద్దు. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరూ కలిసి ఆ జాబితా తెరిచి చూడండి. చాలా ఇళ్ళలో కారణం అక్కడే దొరుకుతుంది.