క్రీడాజట్ల విభజనము – ఫైనలునకు దారి

క్రీడలయందు గెలుపోటములు మైదానముననే నిర్ణయింపబడునని మనలో ననేకులు తలంతురు. బంతి వేయువాడును, బ్యాటు పట్టువాడును తమ తమ పనులను చక్కగ నెరవేర్చినచో జయము తప్పదని వారి నమ్మకము. ఇది చాలవరకు నిజమే. కాని యే జట్టు ఏ గుంపున నుండవలెను, ఆ గుంపునుండి యెన్ని జట్లు ముందునకు పోవలెను, అట్లు పోయిన జట్లలో నెవ్వరు ఎవ్వరితో, ఎవ్వరి మైదానమున ఆడవలెను అను మూడు సంగతులు ఆట మొదలగుటకు పూర్వమే కాగితముమీద నిర్ణయమగుచున్నవి. ఈ నిర్ణయములు మారినప్పుడు జట్ల భాగ్యము కూడ మారును. ఎట్లు మారునో మన దేశపు క్రికెట్టు చరిత్రనుండియు, మన అనంతపురమున జరిగిన పోటీనుండియు ఉదాహరణములు గొని ఇచ్చట వివరింపబూనితిమి.

మన సీమలోని గొలుసు చెరువులను చూడని విద్యార్థి యుండడు. మీది చెరువు నిండి అలుగు పారినగాని క్రింది చెరువునకు నీరు రాదు. వాన అందరికిని ఒక్కటే. అయినను ఏ చెరువు వరుసలో నెచ్చట నున్నదో దానినిబట్టి మొదట నిండునది, కడపట నిండునది యేర్పడును. పోటీలలో జట్లకు ముందుగ నిచ్చు వరుసస్థానమును సీడింగు అందురు. అది గొలుసులో చెరువు స్థానమువంటిది. మీది స్థానము గల జట్టునకు తొలి ఆట లేకయే ముందుకు పోవు సౌకర్యము, అనగా బై, దొరకవచ్చును. లేదా సొంత మైదానమున ఆడు భాగ్యము కలుగవచ్చును. ఇక గుంపులు మార్చుట యనగా కాలువను త్రిప్పి చెరువును మరియొక గొలుసులో కలుపుటయే.

రంజీ ట్రోఫీ పోటీలు 1934-35లో మొదలైనవి. అప్పటినుండి 2001-02 వరకు జట్లు భౌగోళికముగ జోనులుగ విభజింపబడియుండెను. అనగా ఇరుగుపొరుగు జట్లే మొదట తమలో తాము ఆడవలెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించెను. ఆ 1953-54 సంవత్సరముననే ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో ప్రవేశించెను, సుప్రసిద్ధుడైన సి. కె. నాయుడుగారు దానికి నాయకత్వము వహించిరి. 1956లో తెలుగువారి రాష్ట్రము ఒక్కటైనను, హైదరాబాదు జట్టు వేరుగనే నిలిచెను. రాష్ట్రపు ఎల్లలు వేరు, క్రీడాసంఘముల ఎల్లలు వేరు అనుటకు ఇది మంచి నిదర్శనము.

దక్షిణపు జోనులో ఆంధ్రతోపాటు మద్రాసు, మైసూరు, హైదరాబాదు, కేరళ జట్లుండెను. చాలకాలము ఒక్కొక్క జోనునుండి ప్రథమస్థానము నొందిన జట్టుమాత్రమే ముందునకు పోవుచుండెను. 1970-71 మొదలుకొని రెండు జట్లకును, 1992-93 మొదలుకొని మూడు జట్లకును అవకాశము కల్పింపబడెను. మైసూరు, తరువాత కర్ణాటకముగ, 1973-74లో బొంబాయి వరుసగ పదునైదేండ్లు గెలిచిన పరంపరను త్రెంచి ట్రోఫీని గైకొనెను. 1986-87లో హైదరాబాదును, మరుసటి సంవత్సరమే తమిళనాడును విజేతలైనవి. ఇట్టి పొరుగువారి నడుమ ఆంధ్ర తలయెత్తుట యెంత కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు. పొరుగువాడు బలవంతుడైనచో బలహీనుడు తన ఇంటి గడపయే దాటలేడు. జోనుపద్ధతిలోని గుణము ప్రయాణవ్యయము తక్కువగుట, పొరుగువారి పోటీలోని ఉత్సాహము. దోషము ఈ అసమానత.

2002-03లో జోనులు రంజీనుండి తొలగింపబడి, ప్రతిభనుబట్టి ఎలైటు, ప్లేటు అను రెండు అంతస్తు లేర్పడెను. పై అంతస్తున అడుగున మిగిలినవారు క్రిందికి దిగుటయు, క్రింది అంతస్తున మొదట నిలిచినవారు పైకెక్కుటయు నియమమాయెను. తరువాతి కాలమున ఈ ఏర్పాటు పలుమారులు మారినది. 2010-11లో ప్లేటు అంతస్తునుండి వచ్చిన రాజస్థాను జట్టు ఏకముగ రంజీ ట్రోఫీనే గెలిచెను; మరుసటి యేడును నిలుపుకొనెను. 2012-13లో తొమ్మిదేసి జట్లు గల మూడు గుంపులాయెను. 2018-19లో ఈశాన్యరాష్ట్రములు మొదలగు తొమ్మిది క్రొత్త జట్లు చేరి మొత్తము 37 అయినవి. 2022-23 నాటికి 38 జట్లలో 32 ఎలైటునందు నాలుగు గుంపులుగను, ఆరు ప్లేటునందును ఉండెను. ఎలైటులో ఒక్కొక్క గుంపునుండి ఇద్దరికే క్వార్టరు ఫైనలు.

ఆ 2022-23వ సంవత్సరపు రెండవ గుంపును కొంచెము శ్రద్ధతో పరిశీలింతము. అందులో ముంబాయి, ఢిల్లీ, తమిళనాడు, మహారాష్ట్ర, హైదరాబాదు, సౌరాష్ట్ర, ఆంధ్ర, అస్సాము జట్లుండెను. ఈ ఎనిమిదింటిలో ఆరు పూర్వము ట్రోఫీ గెలిచినవే. ముంబాయి యొక్కటియే అప్పటికి 41 మారులు గెలిచియుండెను. ఆరుగురు పూర్వవిజేతలకు రెండే ద్వారములు! కడపటి ఆటలో ముంబాయి, మహారాష్ట్రములు మొదటి ఇన్నింగ్సున సరిగ 384 పరుగులే చేసినవి. ఆధిక్యము ఎవరికిని దక్కలేదు. ఆ రెండు జట్లును ముందునకు పోలేదు. సౌరాష్ట్రయు, ఇంతవరకు ట్రోఫీ నెరుగని మన ఆంధ్రయు పోయినవి. సౌరాష్ట్ర తుదకు విజేత యాయెను. ఆ ముంబాయి జట్టే మరియొక గుంపున నుండియుండినచో ఫలిత మెట్లుండెడిదో ఎవ్వరు చెప్పగలరు?

అదే గుంపున హైదరాబాదు అట్టడుగున మిగిలి ప్లేటునకు దిగిపోయెను. రెండు మారులు ట్రోఫీ నెత్తిన జట్టు 2023-24లో క్రొత్తగ ఆట నేర్చుకొనుచున్న రాష్ట్రములతో ఆడవలసివచ్చెను. అరుణాచలప్రదేశముపై తన్మయ్ అగర్వాల్ 147 బంతులలోనే మూడువందల పరుగులు దాటి, 366 పరుగులు చేసెను. రికార్డు గొప్పదే, కాని బలాబలములు సరిపడని గుంపున ఆట యేమగునో కూడ అది తెలుపుచున్నది. హైదరాబాదు ప్లేటు ఫైనలున మేఘాలయను గెలిచి తిరిగి పైకి వచ్చెను. క్రిందికి దిగుట శాశ్వతశిక్ష కాదు. ఎక్కుటకు మెట్లున్నంతవరకు ఆశ యున్నది. ఓడిన మేఘాలయకు కూడ ఆ ఏడు పైమెట్టు దొరకినది.

సీడింగు వలని లాభనష్టములకు ఆంధ్రయే సాక్షి. తన గుంపున ద్వితీయస్థానము నొందిన ఆంధ్ర 2023లోను, 2024లోను క్వార్టరు ఫైనలునకు తన గుంపున మొదట నిలిచిన మధ్యప్రదేశముతో, వారి ఇండోరు మైదానముననే ఆడవలసివచ్చెను. మొదటిమారు హనుమ విహారి మణికట్టు ఎముక విరిగినను ఎడమచేతివాటమున బ్యాటుపట్టి నిలిచెను. అయినను ఓటమి తప్పలేదు. రెండవమారు కేవలము నాలుగు పరుగులతో ఓడెను. సొంత మైదానమైనచో ఆ నాలుగు పరుగులు వచ్చియుండెడివని మేము వాదింపము. కాని గుంపులో నొక్క మెట్టు పైన నిలుచుటకు విలువ యెంతటిదో విద్యార్థులు గ్రహింపవలెను.

ఇప్పుడు మన ఊరి సంగతికి వత్తము. 1961-62లో మొదలైన దులీప్ ట్రోఫీ జోనుల నడుమ పోటీ. 2024లో జోనులను విడిచి ఎ, బి, సి, డి యను నాలుగు జట్లను కూర్చిరి. ఒక్క ఆట తప్ప మిగిలిన ఆటలన్నియు, విన్సెంట్ ఫెర్రరుగారు స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారి అనంతపురపు మైదానములలో జరిగెను. ఫైనలు లేదు, మూడేసి ఆటల తరువాత పాయింట్లెక్కువ గలవారే విజేతలు. గెలుపునకు 6, డ్రా యైనచో మొదటి ఇన్నింగ్సు ఆధిక్యము గలవారికి 3, లేనివారికి 1.

రెండు వరుసలు ముగియుసరికి సి జట్టునకు 9, బి జట్టునకు 7, ఎ జట్టునకు 6 పాయింట్లుండెను; డి జట్టునకు సున్న. కడపటి వరుసలో ఎ, సి జట్లు ఒకవైపును, బి, డి జట్లు మరియొకవైపును తలపడెను. లెక్క చూడుడు. ఎ, సి ఆట డ్రా యైనచో మొదటి ఇన్నింగ్సు ఆధిక్యము గల ఎ జట్టునకు 9, సి జట్టునకు 10 అగును. ఎ గెలిచినచో దానికి 12. కాని బి కూడ గెలిచినచో దానికి 13 అయి, ఎ గెలిచియు ఓడినట్లే యగును. జరిగిన దేమన, సెప్టెంబరు 22వ తేదీన 350 పరుగులు చేయవలసిన సి జట్టు 217కే పడిపోయెను. ఎ 132 పరుగులతో గెలిచెను. ఆవల, ట్రోఫీ ఆశ యేమాత్రమును లేని డి జట్టు బి జట్టును 257 పరుగులతో ఓడించెను. ఎ విజేత యాయెను. తనకు లాభము లేని ఆటను గూడ డి నిజాయితీతో ఆడినందుననే పట్టిక న్యాయముగ ముగిసెను. ఏ గుంపుల పద్ధతియైనను ఈ ఒక్క గుణముమీద నాధారపడియున్నది.

2025లో దులీప్ పోటీ మరల జోనులకే మరలెను. 2023లో ఫైనలున ఆడిన దక్షిణ, పశ్చిమ జోనులకు నేరుగ సెమీఫైనలు స్థానము లభించెను. తక్కిన నాలుగు జోనులు ముందు క్వార్టరు ఫైనలు ఆడవలసివచ్చెను. ఇదియే బై. అయినను తుదకు గెలిచినది బై లేని మధ్య జోను. దక్షిణ జోను ఫైనలున ఓడెను. మార్గము దగ్గరయైనంత మాత్రమున గమ్యము చేతికందదు.

ఈ చిక్కు మనకే కాదు. అమెరికాలో కళాశాలల ఫుట్‌బాలు – మన కాలిబంతి కాదు, బంతిని చేతబట్టి పరుగెత్తు ఆట – కాన్ఫరెన్సులను సంఘములుగ నడచుచున్నది. 2024లో పసిఫిక్ తీరపు పాక్-12 సంఘమునుండి పండ్రెండింట పది విశ్వవిద్యాలయములు వెడలి ఇతర సంఘములలో చేరెను. అట్లు వెడలిన అరిజోనా స్టేటు క్రొత్తసంఘమైన బిగ్ 12లో మొదటి యేటనే విజేత యాయెను. ఆ ఏడు పండ్రెండు జట్ల ప్లేఆఫు క్రొత్తగ వచ్చెను. సంఘవిజేతలలో శ్రేష్ఠమైన నాలుగింటికి మొదటి నాలుగు సీడులును, బైయును ఇచ్చిరి. కావున నిర్ణేతల వరుసలో పండ్రెండవదైన అరిజోనా స్టేటునకు నాలుగవ సీడును, మూడవదైన టెక్సాసునకు అయిదవ సీడును వచ్చెను! బై పొందిన నాలుగు జట్లును తమ తొలి ఆటలోనే ఓడెను. 2025నుండి ఆ నియమమును మార్చి వరుసస్థానమునుబట్టియే సీడు లిచ్చిరి.

అయినచో న్యాయమైన పద్ధతి యేది? ఇరుగుపొరుగులను కూర్చినచో ఖర్చు తగ్గును. కాని ఒకచోట బలవంతులందరు పోగగుదురు. బలమునుబట్టి కూర్చినచో ఆటలు సమముగ నుండును. కాని క్రిందివారు పెద్దలతో ఆడి నేర్చుకొను అవకాశము పోగొట్టుకొందురు. ఏ ఏర్పాటును సంపూర్ణము కాదు. మూడు నియమములుమాత్రము తప్పక యుండవలెనని మా అభిప్రాయము: పద్ధతి ఆటకు ముందే అందరికి తెలియవలెను, నడుమ మారరాదు, క్రిందినుండి పైకెక్కుటకు ద్వారము తెరచియుండవలెను.

విద్యార్థులారా, మీ జట్టు జిల్లా పోటీలకు పోవునప్పుడు మొదట గుంపుల పట్టికను చదువుడు. పాయింట్లు లెక్కవేయుడు, ఎన్ని ఆటలు గెలువవలెనో, ఆధిక్యమునకు విలువ యెంతయో తెలిసికొనుడు. 2025లో కేరళ జట్టు క్వార్టరు ఫైనలున ఒక్క పరుగు ఆధిక్యముతోను, సెమీఫైనలున రెండు పరుగుల ఆధిక్యముతోను తన మొదటి రంజీ ఫైనలు చేరినది. తల్లిదండ్రులారా, మీ బాలుడు ఓడి ఇంటికి వచ్చినప్పుడు, ఎవ్వరితో ఓడెనో, ఏ గుంపున ఓడెనో యడిగి పిమ్మట తీర్పు చెప్పుడు. గుంపును మనము ఎన్నుకొనలేము. ఆ గుంపులో నొక్కొక్క పరుగును విలువైనదిగ నెంచి ఆడుటమాత్రము మన చేతిలోనే యున్నది.