బల్ల మీదికి వచ్చిన ఓక్స్‌లే రైలు

దక్షిణ జర్మనీలో ఉల్మ్ నుంచి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ వెళ్లే పెద్ద లైను మీద వార్ట్‌హౌసెన్ అనే చిన్న స్టేషన్ ఉంది. అక్కడి నుంచి పొలాల మధ్యగా ఓక్సెన్‌హౌసెన్ దాకా 19 కిలోమీటర్ల నారోగేజ్ లైను పోతుంది. పట్టాల మధ్య ఎడం 750 మిల్లీమీటర్లే. పాత బెనెడిక్టైన్ మఠం ఉన్న ఆ ఊరికి 1899లో రైలొచ్చింది. చుట్టుపక్కల జనం ముద్దుగా పిలుచుకునే పేరు ఓక్స్‌లే.

ఇంట్లో బుల్లి రైల్వే కట్టుకునేవాళ్లకు ఇలాంటి పల్లె లైనంటే ప్రాణం. పెద్ద జంక్షన్ కట్టాలంటే హాలు చాలదు. ఇక్కడైతే ఒక ఇంజిన్, నాలుగు పెట్టెలు, కొన్ని పాయింట్లు సరిపోతాయి. అయినా చేతినిండా పనే. లైను చివరి స్టేషన్‌లో బండి ఆగగానే ఇంజిన్‌ను విప్పాలి, లూప్ లైను మీదుగా నడిపి రెండో కొసకు తగిలించాలి. గూడ్సు షెడ్డు ముందు నిండు వ్యాగన్ పెట్టాలంటే, ముందు అక్కడున్న ఖాళీది తీయాలి. తీసినదాన్ని ఎక్కడ పెట్టాలి? ఉన్న సైడింగ్ ఒక్కటే అయినప్పుడు ఈ షంటింగే గంటసేపు కూర్చోబెడుతుంది. అందుకే బల్ల కొలిచేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది లూప్ పొడవు. దాన్నిబట్టే బండికి ఎన్ని పెట్టెలో తేలుతుంది.

జర్మనీలో బాగా వాడుకలో ఉన్న కొలత హెచ్‌జీరో, అంటే అసలులో 87వ వంతు. ఆ లెక్కన 19 కిలోమీటర్లు 218 మీటర్లవుతాయి. ఏ ఇంట్లో పడుతుంది? కాబట్టి లైను మొత్తం కట్టాలనే ఆశ వదులుకుని ఒక్క స్టేషన్ పట్టుకోవడం మేలు. నా ఓటు ఓక్సెన్‌హౌసెన్‌కే. 750 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే ఎనిమిదిన్నర పైచిలుకు వస్తుంది. మోడల్‌లో దాన్ని 9 మిల్లీమీటర్ల పట్టాతో సరిపెడతారు. బెమో కంపెనీ ఈ కొలతలోనే ఓక్స్‌లే ఇంజిన్లు తయారుచేసింది.

తర్వాత ఏడాది ఎంచుకోవాలి. పాసింజరు బండ్లు కావాలంటే 1964కు ముందే ఆగాలి, ఆ ఏడాదే అవి రద్దయ్యాయి. అప్పుడే వి 51 తరగతి డీజిల్ ఇంజిన్లు తయారయ్యాయి. 1968లో జర్మన్ రైల్వే నంబర్లు మార్చడంతో అవే 251 అయ్యాయి. ఇంజిన్ పక్కన రాసిన ఆ అంకె చూసి ఇది ఏ కాలమో తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. నాకైతే జనం ఎక్కని ఆ చివరి కాలమే ఇష్టం. ఓక్సెన్‌హౌసెన్‌లోని లీభెర్ ఫ్యాక్టరీ ఫ్రిజ్‌లు మోస్తూ ఈ లైను 1983 దాకా బతికింది. పెద్ద గేజ్ వ్యాగన్లను బుడ్డ చక్రాల బండ్ల మీదికి ఎక్కించి ఈ సన్నపట్టాల మీదే లాక్కొచ్చేవారు. బల్ల మీద అంత చిన్న పట్టాపై అంత ఎత్తు వ్యాగన్ కదులుతుంటే చూపు తిప్పుకోలేం.

ఇక బల్ల మీద పొలం గడ్డి వేసే పని చూసి తీరాలి. తడి జిగురు పూసి, అందులో గుచ్చిన మేకుకు గడ్డి చల్లే యంత్రం తీగ తగిలిస్తారు. ఆ యంత్రం జల్లెడ ఊపితే విద్యుదావేశంతో నైలాన్ పోగులు ఒక్కొక్కటే నిటారుగా లేచి నిలబడతాయి. పట్టాల పక్కన రెండు మిల్లీమీటర్ల పోగులు, గట్టు మీద ఆరు మిల్లీమీటర్లవి వేస్తారు. ఒకే పొడవుంటే పొలంలా కాదు, తివాచీలా కనిపిస్తుంది. పట్టాల పక్కలకు తుప్పురంగు పూసి, పైభాగం మాత్రం తుడిచేయాలి, లేకపోతే ఇంజిన్‌కు కరెంటు అందదు. స్టేషన్ చుట్టూ ఖాళీ జాగా ధైర్యంగా వదలండి. చాలామంది దాన్ని ఇళ్లతో నింపేస్తారు, ఆ తొందరలో పల్లె పోతుంది.

అసలు ఓక్స్‌లే 1985లో మ్యూజియం రైలుగా మళ్లీ పట్టాలెక్కింది. మధ్యలో ఆగినా, వేసవి ఆదివారాల్లో ఆవిరి ఇంజిన్‌తో ఇప్పటికీ నడుస్తోంది. ఉల్మ్, స్టుట్‌గార్ట్ వైపు ఉంటున్న తెలుగువాళ్లు పిల్లల్ని తీసుకుని ఒక పూట వెళ్లిరావచ్చు. ఓక్సెన్‌హౌసెన్‌లో దిగాక ఊళ్లోకి పరుగెత్తకండి. ఇంజిన్ కొస మారడానికి ఎంతసేపు పడుతుందో వాచీ చూసుకోండి. ఇంటికొచ్చి కంట్రోలర్ తిప్పేటప్పుడు అంత నెమ్మదిగానే నడపాలి.