ఇంటి కంప్యూటరులో పక్కవాద్య మేళము

పాట ఒకరు పాడినను దానికి తోడు నలుగురు కావలెను. శ్రుతి నిలుపువారొకరు, తాళము పట్టువారొకరు, మద్దెలపై నడక చూపువారొకరు, పాడువారు ఊపందుకొన్నప్పుడు వెంట నడచువారొకరు. పాలమూరు, నల్లగొండ పల్లెల భజన మందిరములలో ఈ పనిని తరతరములుగా హార్మోనియము, మద్దెల, తాళములు చేయుచు వచ్చినవి. నేడు అనేక చోట్ల వాని స్థానమున అరేంజరు కీబోర్డు అను పెట్టె కానవచ్చుచున్నది. ఎడమచేతితో రెండు మూడు మెట్లు కలిపి నొక్కినంతనే డోలు, గిటారు, మంద్రస్థాయి తంత్రి వెనుక మ్రోగును. కుడిచేయి పాటను వాయించును. ఒక్క మనిషే మేళమగును.

ఈ పెట్టె చేయు పనిని ఇంటనున్న కంప్యూటరు చేతనే చేయించవచ్చును. ఎట్లు చేయవలెనను దానికంటె ఎందుకు చేయవలెనను ప్రశ్న పెద్దది. కొన్న పెట్టెలోని నడకకు పాట లొంగవలసి వచ్చును. మనము కూర్చుకొన్న యంత్రమును మన పాటకు లొంగదీయవచ్చును. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఇదియే.

యంత్రము తాళము వేయుట క్రొత్త కాదు. 1959లో అమెరికాలోని వుర్లిట్జరు కంపెనీ సైడ్‌మ్యాన్ అను యంత్రమును అమ్మకమునకు తెచ్చెను. వాల్ట్జ్, టాంగో మొదలగు నాట్యముల నడకలను అది తానే వాయించెడిది. తరువాత ఇండ్లలో వాయించు విద్యుత్ ఆర్గనులలోనికి, అటనుండి నేటి కీబోర్డులలోనికి ఆ నడకలే వచ్చి చేరినవి. నేడు భారతీయ వాద్యముల ధ్వనులు గల కీబోర్డులును దొరకుచున్నవి. ఐనను వానిలో అధికభాగము నాలుగు లెక్కల నడకలే. మిశ్రచాపులో సాగు కీర్తనను అట్టి నడకపై పాడవలెనన్న, ఏడు మాత్రలను ఎనిమిదిగా సాగదీయవలెను. ఒకటి రెండేండ్లు అట్లు పాడిన పిల్లలకు ఆ సాగదీతయే అసలు పాటగా తోచును. మన్యంకొండ హనుమద్దాసు కీర్తనల వంటివి పుస్తకములో నిలిచినను, వాని నడక మాత్రము పాడువారి నోటను, వాయించువారి చేతను నిలువవలసినదే కదా!

ఇక నిర్మాణమునకు వత్తము. ఈ యంత్రమునకు మూడు అంగములు కలవు. చేయి, బుద్ధి, కంఠము అని వానికి పేరు పెట్టుకొందము.

చేయి యనగా మెట్ల పలక. యు.ఎస్.బి. తీగతో కంప్యూటరునకు తగులు 61 మెట్ల పలక చాలును. దానిలో స్వయముగా ధ్వని ఉండనక్కరలేదు. అది కంప్యూటరునకు పంపునది ధ్వని కాదు, వార్త మాత్రమే. ఏ మెట్టు నొక్కబడినది, ఎంత బలముతో నొక్కబడినది, ఎప్పుడు విడువబడినది అను వార్తలను మిడి అను భాషలో పంపును. వేర్వేరు కంపెనీల వాద్యములు ఒకదానితో ఒకటి మాటలాడుటకై 1983లో ఏర్పడిన భాష ఇది. ఇందు బలమును 0 నుండి 127 వరకు అంకెలతో చెప్పుదురు. వార్తలు 16 మార్గములలో నడచును.

బుద్ధి యనగా అరేంజరు ప్రోగ్రాము. వన్‌మ్యాన్‌బ్యాండ్, వి-అరేంజర్, గిగ్లాడ్ మొదలగునవి ఇట్టివి. ఎడమచేతి స్వరములను చూచి, అవి ఏ స్వరగుచ్ఛమో ఇవి గుర్తించును. ఈ గుచ్ఛమునే వాడుకలో కార్డు అందురు. షడ్జము, అంతర గాంధారము, పంచమము కలిసిన మేజరు. అంతర గాంధారమునకు బదులు సాధారణ గాంధారమున్న మైనరు. పక్కవాద్యముల నడక అంతయు ముందుగా ఒకే కార్డుపై వ్రాయబడి యుండును. దానిని స్టైలు అందురు. వాయించువాడు పంచమముపై మేజరు కార్డు పట్టినచో, ప్రోగ్రాము స్టైలులోని ప్రతి స్వరమును ఏడు మెట్లు జరుపును. మైనరు పట్టినచో గాంధారమును ఒక మెట్టు దించును. డోలు దెబ్బలను మాత్రము కదల్చదు. యంత్రము చేయు ఇంద్రజాలమంతయు ఈ కూడికయే.

కంఠము యనగా ధ్వనుల భాండారము. నిజమైన వాద్యముల ధ్వనులను ముక్కలుగా రికార్డు చేసి, ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్కటి కట్టిన ఫైలును సౌండ్‌ఫాంట్ అందురు. దానిని పలికించుటకు ఫ్లూయిడ్‌సింత్ అను ప్రోగ్రాము ఉచితముగా లభించును.

మూడును కుదిరిన పిమ్మట మొదట ఎదురగు చిక్కు ఆలస్యము. మెట్టు నొక్కిన క్షణముననే ధ్వని రాదు. కంప్యూటరు ధ్వనిని చిన్న చిన్న మూటలుగా కట్టి పంపును. క్షణమునకు 48,000 నమూనాల లెక్కన, మూటకు 2,048 నమూనాలున్నచో ఒక్కొక్క మూట 43 మిల్లీసెకండ్లు తీసికొనును. ఆ కాలములో గాలిలో శబ్దము సుమారు 48 అడుగులు పోవును. అనగా మద్దెల వాయించువాడు గుడి ముంగిట, పాడువాడు వీధి చివర ఉన్నట్లు! మూటను 256 నమూనాలకు తగ్గించినచో ఆ దూరము ఆరడుగులగును. ఇద్దరును ఒకే చాపపై కూర్చున్నట్లే. విండోస్ కంప్యూటరులో ఆసియో, లైనక్స్‌లో జాక్ అను ఏర్పాటులు ఇందులకు తోడ్పడును. కంప్యూటరు మందకొడిదైనచో చిన్న మూటలను అందుకొనలేక ధ్వని చిటపటలాడును. అప్పుడు మూటను కొంచెము పెంచుకొనవలెను.

తరువాతిది నడక. యమహా పద్ధతి స్టైలు మూలమున ఒక మిడి ఫైలే. ప్రవేశము, ప్రధాన నడక, నింపుడు, ముగింపు అను భాగములకు అందు గుర్తులుండును. తాళపు లెక్క ఫైలు మొదటనే వ్రాయబడును. కనుక ఖండచాపునకు రెండు మూడుగా విరిగిన ఐదు మాత్రలను, మిశ్రచాపునకు మూడు నాలుగుగా విరిగిన ఏడు మాత్రలను వ్రాసి, ఒక్కొక్క తాళమునకు ఒక్కొక్క స్టైలు చేసికొనవచ్చును. ఇది పెద్ద పాండిత్యము కోరు పని కాదు. తాళము తప్పని చెవియు, నాలుగు సాయంత్రముల ఓపికయు కావలెను.

రాగము విషయములో మరింత జాగ్రత్త అవసరము. ప్రతి స్వరమునకును కార్డు మార్చుట సినిమా పాటలకు చెల్లును గాని, కీర్తనలకు చెల్లదు. మోహనరాగమునే చూడుడు. అందు మధ్యమ నిషాదములు లేవు. పంచమముపై మేజరు పట్టినచో నిషాదము పలుకును. మధ్యమముపై పట్టినచో మధ్యమమే పలుకును. రెండును రాగమునకు పరాయివి. షడ్జముపై మేజరు, ధైవతముపై మైనరు మాత్రమే చెల్లును. ఇట్టి చోట గాంధారము లేని షడ్జ పంచమముల జంటనే ఎడమచేత పట్టి, తంబురా వలె నిలుపుట ఉత్తమము.

మెట్ల వాద్యముపై ఈ తగవు పాతదే. గమకము పలుకదను కారణమున 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును నిషేధించినది. 1970వ దశకములో గాని ఆ నిషేధము సడలలేదు. పలుకు స్వరములన్నియు ఒకే కొలతకు బిగింపబడుట మరియొక లోపము. కంప్యూటరులో ఈ రెండవ లోపమునకు కొంత విరుగుడు కలదు. మెట్టునకు మెట్టునకు నడుమనున్న ఎడమును నూరు సెంట్లుగా భాగించి, ఒక్కొక్క స్వరమును కొన్ని సెంట్లు ఎక్కించుటకో దించుటకో వీలున్నది. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ గౌరవము లభించినది. అట్టి కిన్నెర మెట్లు చెవి చెప్పినట్లు అమర్చినవి, కర్మాగారపు కొలతకు కుదిరినవి కావు. కిన్నెరతో కలిసి వాయింపవలెనన్నచో యంత్రమునే కిన్నెర శ్రుతికి దిద్దవలెను.

డప్పు ధ్వని రికార్డు చేయువారు ఒక సంగతి మరువరాదు. మంట వద్ద కాచిన డప్పు చల్లారిన కొలది చర్మము వదులై శ్రుతి దిగును. కనుక మరల మరల కాచి, వెంటవెంటనే రికార్డు చేయవలెను. చిర్ర దెబ్బ, చితికెన పుల్ల దెబ్బ వేర్వేరుగా, మెల్లగా ఒకమారు, నడిమి బలముతో ఒకమారు, గట్టిగా ఒకమారు తీసికొనవలెను. ఒకే దెబ్బ పదేపదే పలికినచో చెవి వెంటనే పసిగట్టును. ఈ ముక్కలను సౌండ్‌ఫాంట్‌గా కట్టుటకు పాలీఫోన్ అను ఉచిత ప్రోగ్రాము కలదు.

ఇచ్చట న్యాయము మాటయు కలదు. ఆ దెబ్బ ఒక మనిషి చేతిది. ఆయన జీవనోపాధియు అదే. యంత్రములో తన చేయి మ్రోగుచుండగా, తన ఇంట పొయ్యి చల్లబడుట తగునా? ధ్వని తీసికొనునపుడు ఆయన అనుమతి పొంది, తగిన ప్రతిఫలమిచ్చి, ఫైలుపై ఆయన పేరు వ్రాయవలెను. డప్పు కళాకారుడు దొరకు ఊరిలో ఆయననే పిలువవలెను. యంత్రమును సాధనకు, పాఠశాలకు, తోడు దొరకని ఒంటరి గాయకునకు ఉంచుకొనుట మేలు.

చివరిది కాలము. భజన మెల్లగా మొదలై, నామము ముదిరిన కొలది వేగమందుకొనును. యంత్రము ఎంతసేపైనను ఒకే వేగముతో నడచును. కనుక వేగము పెంచు పనిని కాలి పెడలునకో, పలకపైనున్న ఒక తిరుగుడు మీటకో అప్పగింపవలెను. అప్పుడు ముందు నడచువాడు గాయకుడు, వెంట నడచునది యంత్రము. ఆ వరుస తప్పకుండ చూచుకొన్నచో, ఇంటి కంప్యూటరు మన పాటకు మంచి పక్కవాద్యము కాగలదు.