మెరికల జట్టుకు కళ్లెం వేసేదెలా?

2025 ఫిబ్రవరి 2, కౌలాలంపూర్‌లోని బయుమాస్ ఓవల్ మైదానం. అండర్-19 మహిళల టీ20 ప్రపంచ కప్ ఫైనల్లో దక్షిణాఫ్రికా 82 పరుగులకే కుప్పకూలింది. భారత్ ఒక్క వికెట్ మాత్రమే పోగొట్టుకుని 11.2 ఓవర్లలో ఆట ముగించింది. ఫైనల్లోనూ, మొత్తం టోర్నీలోనూ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన గొంగడి త్రిష పుట్టింది భద్రాచలంలో. కూతురి ఆట కోసం ఆ కుటుంబం గోదావరి ఒడ్డు విడిచి సికింద్రాబాద్ చేరింది. ఆ టోర్నీలో త్రిష చేసిన పరుగులు 309. స్కాట్లాండ్‌పై 59 బంతుల్లో కొట్టిన 110, ఆ ప్రపంచ కప్ చరిత్రలోనే తొలి సెంచరీ.

భారత జట్టు ఆడిన ఏడు మ్యాచుల్లోనూ గెలిచింది. వెస్టిండీస్‌ను 44కు, మలేసియాను 31కి ఆలౌట్ చేసింది. ఇంత బలమైన కుర్ర జట్టు ఎదురైతే అవతలి వాళ్లు ఏం చేయాలి? చేతులెత్తేయడం తప్ప దారి లేదా? ఉంది. ఆ దారి వెనుక గణితమూ, భౌతికశాస్త్రమూ, కంటిచూపు శాస్త్రమూ ఉన్నాయి. దాన్ని అందరికంటే స్పష్టంగా చూపించింది మాత్రం క్రికెట్ కాదు, 60 ఏళ్ల కిందటి అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్.

1965 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంలో ఒక వింత జరిగింది. అప్పుడే కాలేజీలో చేరిన కుర్రాళ్లు తమ సొంత సీనియర్ జట్టును 75-60 తేడాతో ఓడించారు. ఆ సీనియర్లు అప్పటికి దేశ ఛాంపియన్లు! గెలిచిన కుర్రాళ్లలో 7 అడుగులు దాటిన లూ ఆల్సిండర్ ఉన్నాడు. తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్‌గా ప్రపంచానికి తెలిసింది అతనే. నాటి నిబంధనల ప్రకారం మొదటి ఏడాది విద్యార్థులు ప్రధాన జట్టుకు ఆడకూడదు. కాబట్టి అసలు ఆట 1966 డిసెంబరులో మొదలైంది. తొలి మ్యాచులో ఆల్సిండర్ ఒక్కడే 56 పాయింట్లు కొట్టాడు. అదే ఊరి సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 105-90తో ఓడిపోయింది.

రెండు నెలల తర్వాత అవే జట్లు మళ్లీ తలపడ్డాయి. ఈసారి సదరన్ కాలిఫోర్నియా కోచ్ బాబ్ బాయిడ్ తన వాళ్లకు ఒకటే చెప్పాడు: బంతి చేతికొస్తే తొందరపడి బుట్టలోకి విసరొద్దు. ఒకరికొకరు అందించుకుంటూ కాలం గడపండి. ఇంత సేపట్లో విసిరి తీరాలన్న నియమం అప్పటికి కాలేజీ ఆటలో లేదు. మామూలు సమయంలో ఫలితం తేలలేదు. అదనపు సమయంలో యూసీఎల్‌ఏ 40-35తో గట్టెక్కింది. రెండు నెలల్లో ఆల్సిండర్ పొట్టివాడైపోలేదు, అవతలి వాళ్లు పొడుగూ అవలేదు. కుదించుకుపోయింది ఆట.

దీని వెనుక ఉన్నది సంభావ్యత. ఒక జట్టు ప్రతి పాయింటునూ నూటికి 55 సార్లు గెలిచే సత్తా ఉన్నదనుకుందాం, ఎదుటి జట్టుకు 45. ఒకే ఒక్క పాయింటు ఆడిస్తే బలహీన జట్టు గెలిచే అవకాశం 45 శాతం. 21 పాయింట్లు ఆడిస్తే అది దాదాపు 32కు తగ్గుతుంది. 101 పాయింట్లు ఆడిస్తే సుమారు 16 శాతమే మిగులుతుంది. ఆట ఎంత సాగితే బలం అంతగా బయటపడుతుంది. ఆట ఎంత చిన్నదైతే అదృష్టం వాటా అంత పెరుగుతుంది. అందుకే బలహీనుడికి నిదానం ఆయుధం.

ఖమ్మం పల్లెల్లో కబడ్డీ ఆడినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. కూతకొచ్చినవాడు ఎవరినీ తాకకుండా గీత దగ్గరే తచ్చాడి వెనక్కి పోవడం ఆట తెలిసినవాళ్లంతా చూసిందే. పోటీ కబడ్డీలో దీనికి విరుగుడుగా డూ ఆర్ డై రైడ్ పెట్టారు: వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింటు తేవాలి, లేదా అవుటవ్వాలి. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ 1954లోనే 24 సెకన్ల గడియారం తెచ్చింది. కాలేజీలు 1985 దాకా ఆగి 45 సెకన్లతో మొదలుపెట్టాయి. రెండు ఆటల్లోనూ నియమం పుట్టడానికి కారణం ఒక్కటే.

టీ20లో బంతుల లెక్క ముందే ఖాయం, ఎవరూ కాలం గడపలేరు. ఆటను కుదించే పని వాన మాత్రం చేస్తుంది. త్రిష ఆడిన అదే ప్రపంచ కప్‌లో నైజీరియా, న్యూజిలాండ్ మ్యాచును 13 ఓవర్లకు కుదించారు. నైజీరియా 65 పరుగులు చేసి 2 పరుగుల తేడాతో గెలిచింది. ఆ అమ్మాయిల పోరాటాన్ని వానకు కట్టబెట్టడం అన్యాయం, వాళ్లు బాగా ఆడే గెలిచారు. అయినా ఆట 120 బంతుల నుంచి 78కి తగ్గినప్పుడు చిన్న జట్టుకు తలుపు కాస్త ఎక్కువ తెరుచుకుంటుందన్నది లెక్క చెప్పే నిజం.

రెండో ఆయుధం, జట్టు మొత్తాన్నీ వదిలేసి ఒక్కరిని బంధించడం. దీన్ని బాగా వాడింది యూసీఎల్‌ఏనే. 1968 జనవరి 20న హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్‌లో, 50 వేలకు పైగా జనం ముందు, హ్యూస్టన్ విశ్వవిద్యాలయం 71-69తో యూసీఎల్‌ఏ 47 మ్యాచుల జైత్రయాత్రను ఆపింది. ఎల్విన్ హేయిస్ 39 పాయింట్లు సాధించాడు. కంటి గాయం నుంచి కోలుకుంటున్న ఆల్సిండర్ 15 దగ్గరే ఆగిపోయాడు. మార్చిలో జాతీయ సెమీఫైనల్లో మళ్లీ ఎదురైనప్పుడు యూసీఎల్‌ఏ నలుగురిని వజ్రాకారంలో నిలబెట్టి, ఐదోవాడైన లిన్ షాకెల్‌ఫోర్డ్‌ను హేయిస్‌కు నీడలా అంటిపెట్టింది. హేయిస్ 10 పాయింట్లకే పరిమితమయ్యాడు. స్కోరు 101-69. ఇందులో ప్రమాదమూ ఉంది: ఒక్కడికి కాపలా పెడితే మిగతా నలుగురికి చోటు దొరుకుతుంది. ఆ నలుగురూ కొట్టలేరన్న నమ్మకం ఉంటేనే ఈ ఎత్తు వేయాలి.

క్రికెట్‌లో ఒక్కరిని బంధించే పని ఎక్కువగా బంతి వేగంతో జరుగుతుంది. క్రీజు నుంచి క్రీజుకు దూరం 17.7 మీటర్లు. గంటకు 110 కిలోమీటర్ల బంతి 0.6 సెకన్ల లోపే చేరుతుంది, 70 కిలోమీటర్ల స్పిన్ బంతికి 0.9 సెకన్లు పడుతుంది. నెమ్మది బంతి ఆడటం తేలికేమో అనిపిస్తుంది. కానీ వేగంగా వచ్చే బంతి తన శక్తిని తానే తెస్తుంది, అంచుకు తగిలినా హద్దు దాటొచ్చు. నెమ్మది బంతికి ఆ శక్తినంతా భుజాలే ఇవ్వాలి. పైగా గాల్లో ఎక్కువసేపు ఉన్న బంతికి మోసం చేసే వ్యవధీ ఎక్కువే.

ఆ మోసం కంటికే. మైకేల్ లాండ్, పీటర్ మెక్‌లియాడ్ అనే శాస్త్రవేత్తలు బ్యాటర్ల కంటి కదలికలను కెమెరాతో పట్టి 2000లో ఫలితాలు ప్రచురించారు. బ్యాటర్ బంతిని చివరిదాకా కళ్లతో వెంబడించడు. అది చేయి వదిలిన క్షణం చూస్తాడు. ఆ వెంటనే చూపు ముందుకు దూకి, బంతి పిచ్‌పై ఎక్కడ పడబోతోందో అక్కడ కాచుకుంటుంది. ఆటలో మెరుగైనవాళ్ల చూపు ముందే దూకుతుంది. అంటే బ్యాటింగ్‌లో పెద్ద భాగం జోస్యమే. ఆ జోస్యానికి పెట్టుబడి ఇంతకుముందు ఆడిన వేలాది బంతుల జ్ఞాపకం. పంతొమ్మిదేళ్లలోపు వాళ్ల దగ్గర ప్రతిభ ఎంతున్నా ఆ నిల్వ తక్కువ. అందుకే ప్రత్యర్థులు వాళ్లు ఎన్నడూ చూడని చేతిని, ఎన్నడూ చూడని ఎత్తు నుంచి పడే బంతిని ఎదురుపెట్టాలని చూస్తారు.

మరి భారత జట్టు దగ్గర ఈ ఆయుధాలు ఎందుకు పారలేదు? ప్రయత్నాలు ఫలించిన రోజులూ లేకపోలేదు. 2024 డిసెంబరు 22న అదే బయుమాస్ ఓవల్‌లో, అండర్-19 ఆసియా కప్ ఫైనల్లో బంగ్లాదేశ్ భారత్‌ను 117 దగ్గర కట్టడి చేసింది. అందులో త్రిషవే 52. ప్రపంచ కప్‌లో శ్రీలంకపైనా భారత్ 118 పరుగులకు 9 వికెట్లు పోగొట్టుకుంది, త్రిష 49. ఈ రెండు స్కోర్లు చూసిన ఏ కోచ్ అయినా త్రిషను ఆపితే పని సగం అయినట్టేనని రాసుకుంటారు. చిక్కల్లా ఆ తర్వాతే. బంగ్లాదేశ్ 76కు ఆలౌటైంది, శ్రీలంక 58 దాటలేదు. వైష్ణవి శర్మ 17, ఆయుషి శుక్లా 14, పరుణికా సిసోడియా 10: ప్రపంచ కప్‌లో ముగ్గురు ఎడమచేతి స్పిన్నర్లు కలిసి తీసినవే 41 వికెట్లు. నీడలా వెంటాడటానికి హేయిస్ లాంటివాడు ఒక్కడు కాదు, ముగ్గురున్నారు. సెమీఫైనల్లో త్రిష 35 దగ్గర అవుటైతే, జి. కమలిని 56తో అజేయంగా నిలిచి ఇంగ్లండ్ కథ ముగించింది.

బంధాలు బిగిస్తే ఆటగాళ్లు కొత్త విద్య నేర్చుకుంటారు. 1967లో అమెరికా కాలేజీ ఆటలో డంక్‌ను నిషేధించారు. దాన్ని అంతా ఆల్సిండర్ నియమం అనే పిలిచారు. బంతిని పైనుంచి బుట్టలోకి గుద్దే వీలు పోయాక అతను ఒంటిచేత్తో, తలకు పైనుంచి వంపుగా విసిరే స్కై హుక్‌కు పదును పెట్టాడు. వృత్తి ఆటలో రెండు దశాబ్దాల పాటు ఆ విసురును అడ్డుకోగలిగినవాళ్లు చాలా అరుదు.

త్రిషకు రెండో విద్య లెగ్ స్పిన్. టోర్నీలో ఆమె తీసిన 7 వికెట్లలో 6 చివరివైపు ఆడిన రెండు మ్యాచుల్లోనే వచ్చాయి: సెంచరీ కొట్టిన రోజు స్కాట్లాండ్‌పై 6 పరుగులిచ్చి 3, ఫైనల్లో 15 ఇచ్చి 3. ఆ ఫైనల్లో టాస్ గెలిచి మొదట బ్యాటింగ్ ఎంచుకున్నది దక్షిణాఫ్రికానే. త్రిష 33 బంతుల్లో 44 పరుగులతో అజేయంగా నిలిచింది ఆ మ్యాచు రెండో సగంలో. అప్పటికే ఆమె వేసిన బంతులకు ప్రత్యర్థి జట్టులో ముగ్గురు పెవిలియన్ చేరారు.