ప్యానెళ్లు బాగానే ఉన్నాయి, ఇన్వర్టర్ పోయింది... ఇప్పుడు ఏది కొనాలి?

ఈ ఎపిసోడ్ బుచ్చిరెడ్డిపాలెంలో మా బాబాయి వాళ్ళ మిద్దె మీద నుంచి. ఇక్కడ 335 వాట్ల ప్యానెళ్లు 9 ఉన్నాయి, అంటే 3 కిలోవాట్లు. పెట్టి ఏడేళ్లయింది, మొన్న ఇన్వర్టర్ పోయింది. చూడ్డానికొచ్చినాయన "సెట్ మొత్తం మార్చేయండి, సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు వస్తుంది" అన్నాడంట. మా బాబాయి అప్పట్లోనే సోలార్ సబ్సిడీ తీసుకున్నాడు. ఒకసారి తీసుకున్న ఇంటికి పీఎం సూర్యఘర్‌లో మళ్ళీ ఇవ్వరు. పైగా ప్యానెళ్లకి మామూలుగా 25 ఏళ్ల పర్ఫార్మెన్స్ వారంటీ ఉంటుంది. బాగున్నవాటిని పీకడం ఎందుకు?

బాబాయి కోరిక ఏందంటే, ఈసారి కరెంటు పోయినా ఫ్యాన్లు తిరగాలి. పాతది ఆన్‌గ్రిడ్. లైన్‌లో కరెంటు లేకపోతే అది కూడా ఆగిపోతుంది, స్తంభం మీద పనిచేసే లైన్‌మేన్‌కి షాక్ కొట్టకుండా. అందుకని షాపులో 48 వోల్టుల బ్యాటరీతో నడిచే 3 కేవీఏ ఇన్వర్టర్ చూపించారు. "3 కిలోవాట్లకి 3 కేవీఏ, సరిపోయిందిగా" అన్నారు.

సరిపోలేదు. ఆ 3 కేవీఏ అనేది ఇంట్లో లోడ్ లెక్క. మనం చూడాల్సింది ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఉన్న వీఓసీ, అంటే లోడ్ లేనప్పటి వోల్టేజ్. ఇక్కడ 46 వోల్టులు. తొమ్మిదీ సిరీస్‌లో ఉన్నాయి కాబట్టి 414. చలికాలం పొద్దున్నే ఇంకో పది వోల్టులు పెరుగుతుంది. ఆ షాపు ఇన్వర్టర్ తట్టుకునేది 145 వోల్టులు! కలిపిన మొదటి రోజే కాలిపోయేది.

మరి మూడేసి ప్యానెళ్లు సిరీస్‌లో పెట్టి, ఆ మూడు వరసల్ని ప్యారలల్ చేస్తే? 138 వోల్టులు. చలిపొద్దున 141 దాకా పోతుంది, అంటే అంచు మీద నడక. కరెంటేమో 9 నుంచి 27 యాంపియర్లు అవుతుంది. కేబుల్ లావుది వేయాలి, ఒక్కో వరసకి ఫ్యూజ్ పెట్టాలి. ఒక వరసలో షార్ట్ అయితే మిగతా రెండూ దాంట్లోకే తోస్తాయి మరి. నేనైతే ఒప్పుకోను.

ఇంకో వైపు మన ఎండ. మే నెలలో ప్యానెల్ 65 డిగ్రీలు దాటుతుంది, వోల్టేజ్ పడిపోతుంది. పనిచేసేటప్పుడు ఈ వరస 342 వోల్టులు ఇవ్వాలి, మధ్యాహ్నం 290 దగ్గరికి వస్తుంది. ఇన్వర్టర్ ఎంపీపీటీ రేంజ్‌లో ఈ 290 నుంచి 342 మొత్తం పట్టాలి. కాబట్టి మేం చూస్తున్నది గరిష్ఠంగా 500 వోల్టులు తట్టుకునే, ఎంపీపీటీ 120 నుంచి 450 ఉన్న 3 కిలోవాట్ల హైబ్రిడ్. వైరింగ్ ముట్టుకునే పనే లేదు.

"రెండు 540 వాట్లవి కూడా చేరుద్దామా?" అని మా తమ్ముడు అడిగాడు. అదే వరసలో కలిపితే అవి కూడా పాతవాటి 9 యాంపియర్లకే దిగిపోతాయి రా. వాటికి వేరే ఎంపీపీటీ కావాలి.

నెట్ మీటర్ ఉంది కాబట్టి ఇన్వర్టర్ మార్చే ముందు ఎస్పీడీసీఎల్ ఆఫీసులో చెప్పాలి. విప్పేటప్పుడు ముందు ఏసీ బ్రేకర్, తర్వాత డీసీ స్విచ్ ఆపాలి, ఆ తర్వాతే కనెక్టర్లు. ఎండలో నడుస్తుండగా కనెక్టర్ లాగితే 400 వోల్టుల డీసీ మంట లేస్తుంది, తొందరగా ఆరదు.